పేదల భారం టౌన్‌దా, కౌంటీదా? 1824లో న్యూయార్క్ కౌంటీల ముందున్న దారుల్లో ఏది మేలు

1824 నవంబరు నెలాఖరున న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒక పూర్ హౌస్, అంటే దిక్కులేని పేదలను ఉంచే ఇల్లు, ఉండాలి, దానికి 200 ఎకరాలకు మించకుండా పొలం ఉండాలి, తిండికి గతిలేనివాళ్లను అక్కడ చేర్చి చేతనైన పని చేయించాలి. కొన్ని కౌంటీలకు ఇది తప్పనిసరి. మిగతా కౌంటీలు తమ బోర్డులో తీర్మానం చేసుకుని ఇందులోకి రావచ్చు. ఆ చలికాలంలో ఎన్నో కౌంటీ బోర్డుల ముందుకు ఒకటే ప్రశ్న వచ్చింది. ఇన్నాళ్లూ చేస్తున్నట్టే చేద్దామా, కొత్త దారి పడదామా?

బోర్డులో కూర్చునేవాళ్లను సూపర్‌వైజర్లు అనేవారు. కౌంటీలో భాగమైన ఒక్కో టౌన్ నుంచి ఒక్కొక్కరు. వాళ్లలో చాలామంది మామూలు రైతులు, కొట్టు నడుపుకునేవాళ్లు. ఈ వ్యాసంలో నేను వాళ్ల పక్కన కూర్చుని ఆలోచిస్తున్నాను. వాళ్ల ముందు ఎన్ని పద్ధతులున్నాయి, ఏది ఎవరికి పనికొస్తుంది, ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది, చివరికి చెయ్యి దేనికి ఎత్తాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బు కౌంటీ ఖజానా నుంచి రావాలి, సాయం మాత్రం పేదవాడి గడప దగ్గరే అందాలి. పూర్ హౌస్ ఇల్లే లేనివాళ్లకు మాత్రమే ఉండాలి. పేదవాడిని అందరికన్నా తక్కువకు సాకుతానన్నవాడికి అప్పగించే వేలం పద్ధతి ఎంత చవకైనా దాన్ని వదిలేయాలి.

ముందు పాలన ఎలా ఉండేదో

ఇంగ్లండులో 1601లో వచ్చిన పేదల చట్టమే అమెరికాలో వీటన్నిటికీ మూలం. ఏ ఊరి పేదవాడిని ఆ ఊరే సాకాలి, అందుకోసం ఊరివాళ్ల దగ్గర పన్ను వసూలు చేయాలి, ఆ పని చూడటానికి ఓవర్సీర్లను పెట్టాలి. వలస వచ్చినవాళ్లు ఈ పద్ధతిని వెంట తెచ్చుకున్నారు. తల్లిదండ్రులకు పిల్లలు, పిల్లలకు తల్లిదండ్రులు ముందు బాధ్యులు, వాళ్ల వల్ల కాకపోతేనే ఊరు అన్న నియమమూ దానితోపాటే వచ్చింది.

కానీ 'ఊరు' అంటే ఏమిటన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా మారింది. ఈశాన్య మూలనున్న మసాచుసెట్స్ లాంటి న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లో అధికారమంతా టౌన్‌దే. అక్కడ టౌన్ అంటే పట్నం కాదు. నాలుగైదు పల్లెలు, చుట్టూ పొలాలు కలిపిన విభాగం, మన మండలం లాంటిది. ఏడాదికోసారి ఓటు హక్కున్న మగవాళ్లంతా టౌన్ మీటింగులో కూడి పన్ను ఎంతో, ఓవర్సీర్ ఎవరో తేల్చేవారు. వర్జీనియాలో సంగతి వేరు. అక్కడ పేదల పని మొదట చర్చి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కమిటీల చేతిలో ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత 1780లలో దాన్ని కౌంటీ ఓవర్సీర్లకు అప్పగించారు. కౌంటీని నడిపేది న్యాయాధికారుల కోర్టు. అందులో సభ్యులను ప్రజలు ఎన్నుకోరు; ఖాళీ వస్తే కోర్టే పేర్లు సూచిస్తుంది, గవర్నర్ నియమిస్తాడు. నార్త్ కరోలినాలోనూ ఈ పని కౌంటీ స్థాయిదే, చూసేవాళ్లను పేదల వార్డెన్లు అనేవారు.

న్యూయార్క్ ఈ రెంటికీ మధ్యలో ఉంది. టౌన్లు ఉన్నాయి, టౌన్ మీటింగులు ఉన్నాయి, టౌన్లన్నీ కలిసి కూర్చునే కౌంటీ బోర్డూ ఉంది. పెన్సిల్వేనియాలో ఎన్నికైన ముగ్గురు కౌంటీ కమిషనర్లు ఉండేవారు. తర్వాత పడమటికి వెళ్లినవాళ్లు ఈ నమూనాలనే మోసుకెళ్లారు. మిషిగన్ న్యూయార్క్‌ను చూసి నేర్చుకుంది. ఇల్లినాయిస్‌లో మొదట కౌంటీ కమిషనర్లే అంతా చూసుకున్నారు, 1848 రాజ్యాంగం వచ్చాక టౌన్‌షిప్ (టౌన్ లాంటి విభాగమే) కావాలో వద్దో కౌంటీలే ఓటేసి తేల్చుకునే వీలు కలిగింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

1816లో న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ ప్రాంతాల్లో వేసవే సరిగా రాలేదు. జూన్‌లో మంచు పడి పంటలు పోయాయి. 1819లో బ్యాంకులు మూతపడ్డాయి, ధాన్యం ధరలు పడిపోయాయి, అప్పులున్నవాళ్లు కుదేలయ్యారు. పేదల పన్ను పెరుగుతూ పోయింది. పన్ను కట్టేవాళ్లకు టెన్షన్ మొదలైంది. 1821లో మసాచుసెట్స్‌లో జోసయ్య క్విన్సీ అధ్యక్షతన ఒక కమిటీ టౌన్లను అడిగి తెలుసుకుని నివేదిక ఇచ్చింది. 1824లో న్యూయార్క్ రాష్ట్ర కార్యదర్శి జాన్ వాన్ నెస్ యేట్స్ అదే పని తన రాష్ట్రంలో చేశాడు. 1824 చట్టానికి ఆధారం ఆ నివేదికే.

యేట్స్ లెక్క ప్రకారం రాష్ట్రంలో ఏడాదికి 22,111 మంది సాయం పొందారు. 1820 జనగణనలో రాష్ట్ర జనాభా దాదాపు 13.7 లక్షలు. ఆ 22,111 మందిలో 6,896 మంది ఏడాది పొడవునా ఆధారపడ్డవాళ్లు. మిగతా 15,215 మంది జబ్బు చేసో, చలికాలం గడవకో కొన్నాళ్లపాటు చెయ్యి చాచినవాళ్లు. అంటే నూటికి దాదాపు 69 మందికి కావలసింది కొద్దివారాల కట్టెలు, పిండి, మందు.

ఏడాది పొడవునా ఉన్న ఆ 6,896 మందిలో మూడో వంతుకు పైగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలు. ముసలివాళ్లు, చూపులేనివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు ఎందరో ఉన్నారు. తగిన పని చూపిస్తే తమ తిండి తాము సంపాదించుకోగలరని యేట్స్ భావించినవాళ్లు 1,789 మంది మాత్రమే. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. పూర్ హౌస్ పొలం తన ఖర్చు తానే రాబట్టుకుంటుందన్న ఆశ అంతా ఈ నూటికి 26 మంది భుజాల మీదే ఉంది.

పద్ధతులను పోల్చడానికి నలుగురు మనుషులను ఊహించుకుందాం. ఒకరు, ముగ్గురు పిల్లలున్న వితంతువు, ఊళ్లో ఒక అద్దె గది ఉంది, చలికాలం గడవాలి. ఇంకొకరు, నా అన్నవాళ్లు లేని ముసలాయన. మూడో ఆమెకు మతిస్థిమితం లేదు, ఇంట్లోవాళ్లు పట్టుకోలేకపోతున్నారు. నాలుగో ఆయన ఈరీ కాలువ తవ్వకానికి వచ్చిన ఐరిష్ కూలీ, జ్వరంతో పడిపోయాడు, ఈ ఊరివాడు కాదు. ఇలాంటివాళ్లు అప్పుడు ప్రతి కౌంటీలోనూ ఉన్నారు.

వేలం

ఇది పైకి పాటే, కానీ తిరగేసిన పాట. ఏడాదికోసారి టౌన్ మీటింగులోనో, పానశాలలోనో జనం చేరతారు. ఓవర్సీర్ ఒక ముసలాయన పేరు చదువుతాడు. "వారానికి ఇంతిస్తే నేను సాకుతాను" అని ఒకరంటే, అంతకన్నా తక్కువకే సాకుతానని ఇంకొకరంటారు. అందరికన్నా తక్కువకు పాడినవాడి ఇంటికి ఆ ముసలాయన ఏడాదిపాటు వెళ్లాలి. ఆయన చేయగలిగిన పని పాటదారుడిదే. బట్టలు ఎవరివి, డాక్టరు ఖర్చు ఎవరిది అన్నది ముందే మాట్లాడుకుంటారు. న్యూ ఇంగ్లండ్‌లో ఇది ఎంత మామూలంటే, దీనికి ఆ ప్రాంతం పేరే పడిపోయింది.

దీన్ని సమర్థించేవాళ్లు రెండు మాటలు చెప్పేవారు. ఒకటి, కట్టడం కట్టనక్కర్లేదు, జీతగాళ్లను పెట్టనక్కర్లేదు, ఏడాదికి ఇంత అని ముందే తెలిసిపోతుంది. రెండు, పేదవాడు ఒక కుటుంబంలోనే ఉంటాడు. రెండో మాటలో కొంత నిజముంది. ఒక్కోసారి బంధువులే, పాత ఇరుగుపొరుగే పాడుకుని తమవాళ్లను తమ దగ్గరే ఉంచుకునేవారు. అలాంటి ఇంట్లో ఆ ముసలాయనకు కాస్త గంజి, కాస్త ఎండ, నాలుగు మాటలు దొరికేవి.

కానీ ఆ పాట తీరు చూడండి. తక్కువకు పాడినవాడు లాభం చూసుకోవాలంటే రెండే మార్గాలు: తిండి తగ్గించాలి, పని పెంచాలి. మంచివాడు తగిన ధరే పాడతాడు కాబట్టి వేలంలో ఓడిపోతాడు. యేట్స్‌కు ఊళ్ల నుంచి వచ్చిన జవాబుల్లో ఇలా పాడుకున్నవాళ్లు పేదలను క్రూరంగా చూసిన ఉదంతాలు ఉన్నాయి. భార్యాభర్తలు చెరో ఇంటికీ, పిల్లలు వేరే ఇంటికీ పోవడం మామూలే. మరుసటి ఏడాది మళ్లీ పాట, మళ్లీ కొత్త ఇల్లు. తనను ఎంత తక్కువకు భరిస్తారో ఊరంతా పాడుతుంటే ఆ ముసలాయన అక్కడే నిలబడి వినాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ ఒక్క సంగతి.

మన నలుగురిలో ఎవరికైనా ఇది పనికొస్తుందా? వితంతువు పిల్లల నుంచి విడిపోతుంది. మతిస్థిమితం లేనామెను పాడుకునేవాడు ఆమెను ఎక్కడ కట్టేస్తాడో తెలియదు. జ్వరపడ్డ కూలీని ఎవరూ పాడుకోరు. ముసలాయనకు అదృష్టం ఉంటే సరే, లేకపోతే లేదు. పద్దులో ఇది చవకగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆకలి, చలి, దెబ్బలు పద్దులో రాయరు.

దీనికే ఇంకో రూపం ఊరి పేదలందరినీ గుత్తగా ఒకే మనిషికి, ఒకే ఇంట్లో అప్పగించడం. మొగుడూ పెళ్లాలూ విడిపోరు, అంతవరకు మేలు. మిగతా లోపాలన్నీ అలాగే ఉన్నాయి, పైగా లోపల ఏం జరుగుతోందో చూసే కళ్లు తగ్గిపోతాయి.

ఇంటి దగ్గర సాయం

ఓవర్సీర్ ఆ వితంతువు గుమ్మం దగ్గరికి వెళ్తాడు. పరిస్థితి చూస్తాడు. ఒక బండెడు కట్టెలు, ఒక బస్తా పిండి, పిల్లలకు చెప్పులు, రెండు నెలల అద్దె మంజూరు చేస్తాడు. ఊరి డాక్టరుకు ఫీజు కడతాడు. ఒక్కోసారి పక్కింటి ఆవిడకే ఇంత డబ్బిచ్చి జబ్బుమనిషిని చూసుకోమంటాడు. అప్పటి టౌన్ ఖాతాల్లో ఇలాంటి పద్దులు వరసగా కనిపిస్తాయి. చనిపోతే శవపెట్టె ఖర్చు కూడా అక్కడే రాసి ఉంటుంది.

క్విన్సీ కమిటీకి ఇది నచ్చలేదు. అన్ని పద్ధతుల్లోకీ ఎక్కువ దుబారా, జనాన్ని బద్ధకస్తులను చేసేది ఇదేనని తేల్చింది. వాళ్ల భయంలో అర్థం ఉంది. ఓవర్సీర్ పక్కింటివాడే, మొహమాటం ఉంటుంది. తన కొట్టులోని సరుకే పేదలకు ఇప్పించి టౌన్‌కు బిల్లు రాసుకునే అవకాశమూ ఉంటుంది. లెక్క చూసేవాడు లేకపోతే డబ్బు కారిపోతుంది.

కానీ నివేదికల భయాన్ని, నివేదికల అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. సాయం పొందినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పైగా తాత్కాలికంగా వచ్చినవాళ్లే. వసంతం వచ్చి పని దొరికితే వాళ్లు మళ్లీ తమ కాళ్ల మీద తాము నిలబడతారు. వాళ్లకు ఒక గది ఉంది, కుండా చట్టీ ఉన్నాయి, కుట్టుపనో బట్టలుతికే పనో చేస్తూ అరకొరగా సంపాదన ఉంది. ఊరు వేసేది ఆ అరకొరకు మిగతా సగం. అదే మనిషిని ఇల్లు ఖాళీ చేయించి ఎక్కడికో తీసుకెళ్తే ఆ సగం సంపాదన కూడా ఆగిపోతుంది, మొత్తం భారం ఖజానాదే అవుతుంది. తిరిగి వచ్చేసరికి గదీ ఉండదు, సామానూ ఉండదు. చవక అంటే ఏది? తలకు వారానికి ఇంత అని చూస్తే ఒక జవాబు వస్తుంది. ఒక కుటుంబం నిలదొక్కుకునేదాకా మొత్తం ఎంతయింది అని చూస్తే ఇంకో జవాబు వస్తుంది. అప్పటి కమిటీలు మొదటి లెక్కే వేశాయి.

ఫిలడెల్ఫియా అనుభవం దీనికి మంచి సాక్ష్యం. అక్కడ 1828 చట్టంతో ఇంటి దగ్గర సాయాన్ని ఆపాలని నిర్ణయించి బ్లాక్లీలో పెద్ద ఆమ్స్‌హౌస్ (పూర్ హౌస్ లాంటిదే) కట్టారు. 1840 నాటికల్లా ఇంటి దగ్గర సాయాన్ని మళ్లీ అనుమతించాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో పూర్ హౌస్‌లు వచ్చాక కూడా ఈ సాయం ఆగలేదు.

మన నలుగురిలో వితంతువుకు ఇది సరిగ్గా సరిపోతుంది. కూలీకి కూడా, ఎవరైనా ఒక గది ఇచ్చి, డాక్టరు ఫీజు ఊరు కడితే సరిపోతుంది. ముసలాయనకు పక్కింటివాళ్లు మంచివాళ్లయితే చాలు. మతిస్థిమితం లేనామెకు మాత్రం ఇది చాలదు.

పూర్ హౌస్

దీన్ని తలపెట్టినవాళ్ల మనసు చెడ్డది కాదు. యేట్స్ నివేదికలో వేలం మీద నిజమైన ఆగ్రహం కనిపిస్తుంది. పాటల్లో చిన్నాభిన్నమయ్యే కుటుంబాలను, ఊరి నుంచి ఊరికి తరిమే ముసలివాళ్లను చూసి, వీళ్లందరికీ ఒక కప్పు, తిండి, పిల్లలకు చదువు, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకు పొలం పని ఇవ్వాలని ఆయన కోరుకున్నాడు. అదే నివేదికలో, 18 నుంచి 50 ఏళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న మగవాడి పేరు పేదల జాబితాలో ఉండకూడదని కూడా సూచించాడు.

కట్టడాలు వేగంగా లేచాయి. 1835 నాటికి న్యూయార్క్‌లోని 55 కౌంటీల్లో నాలుగు తప్ప అన్నిటా పూర్ హౌస్ ఉంది. మసాచుసెట్స్‌లో 1824లో 83 ఉన్న ఆమ్స్‌హౌస్‌లు 1839 నాటికి 180 అయ్యాయి. అక్కడ మాత్రం వాటిని కట్టింది కౌంటీలు కాదు, టౌన్లు.

తర్వాత ఏమైంది? పొలం దున్నగలిగినవాళ్లు కొద్దిమందే అని యేట్స్ లెక్కే చెప్పింది కదా. వాళ్లు కూడా పని దొరికే వేసవిలో వెళ్లిపోయి, పొలంలో ఏమీ లేని చలికాలంలో వచ్చేవారు. మిగిలింది పసిపిల్లలు, పక్షవాతం వచ్చినవాళ్లు, ముసలివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు. ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి ఇక్కడా వచ్చింది. ఊరూరా జరిగిన వేలం పోయింది కానీ తక్కువ ధర చూసే అలవాటు పోలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇల్లు సుఖంగా ఉంటే అందరూ వచ్చేస్తారన్న భయంతో ఎవరూ ఇష్టపడి రాని విధంగా నడపాలని కొందరు కోరుకున్నారు. ముసలివాళ్లకు ఆశ్రయం ఇవ్వాలి, అదే కప్పు కింద ఓపిక ఉన్నవాళ్లను భయపెట్టాలి. ఒకే ఇల్లు ఈ రెండు పనులూ చేయలేదు.

1843లో సంఘ సంస్కర్త డొరోథియా డిక్స్ మసాచుసెట్స్ శాసనసభకు ఒక విజ్ఞప్తి పంపింది. జైళ్లలో, ఆమ్స్‌హౌస్‌లలో మతిస్థిమితం లేనివాళ్లను బోనుల్లో, నేలమాళిగల్లో, పశువుల కొట్టాల్లాంటి గదుల్లో ఎలా బంధించారో తాను స్వయంగా తిరిగి చూసి రాసింది. మరుసటి ఏడాది న్యూయార్క్ కౌంటీల పూర్ హౌస్‌ల మీద కూడా అలాంటిదే సమర్పించింది. 1857లో న్యూయార్క్ సెనేట్ కమిటీ ఒకటి తన రాష్ట్రంలోని పూర్ హౌస్‌లను తనిఖీ చేసి, జబ్బుమనుషులనూ పిల్లలనూ మతిస్థిమితం లేనివాళ్లనూ ఒకే చోట కుక్కిన తీరును ఎండగట్టింది. మూడేళ్లు దాటిన ఆరోగ్యవంతులైన పిల్లలను అక్కడ ఉంచకూడదన్న చట్టం 1875లో గానీ రాలేదు. 1824 చట్టానికీ దానికీ మధ్య 51 ఏళ్లు. ఆ మధ్యలో పుట్టి పెరిగిన పిల్లలు ఎంతమందో!

అయినా పూర్ హౌస్ అక్కర్లేదని నేను అనను. నా అన్నవాళ్లు లేని ముసలాయన మంచానపడితే పక్కింటివాళ్లు ఎన్నాళ్లు చూస్తారు? ఆయనకు ఒక చోటు కావాలి. మతిస్థిమితం లేనామెకు వైద్యం ఉన్న ప్రత్యేకమైన చోటు కావాలి. అది కౌంటీ పూర్ హౌస్ కాదు, రాష్ట్రం నడిపే ఆసుపత్రి. వితంతువును, ఆమె పిల్లలను అక్కడికి పంపడం పెద్ద తప్పు.

పిల్లల సంగతి విడిగా

పేద పిల్లలను ఒప్పందపత్రం రాసి ఎవరో ఒకరి ఇంట పనికి పెట్టే అధికారం ఓవర్సీర్లకు ఉండేది. మామూలుగా మగపిల్లలకు 21 ఏళ్లదాకా, ఆడపిల్లలకు 18 ఏళ్లదాకా. యజమాని తిండి, బట్ట, కాస్త చదవడం రాయడం, ఒక పని నేర్పాలి. మంచి చేతివృత్తివాడి దగ్గరికి చేరిన అనాథకు ఇది పూర్ హౌస్ కన్నా మేలే. తల్లి బతికుండగా, కేవలం ఆమె పేదరికం వల్ల పిల్లలను లాక్కుని ఇలా రాసివ్వడాన్ని మాత్రం ఏ బోర్డూ ఒప్పుకోకూడదు.

అసలు చిక్కుముడి: లోకలా, నాన్‌లోకలా

పద్ధతి ఏదైనా, దాని కింద ఇంకో ప్రశ్న ఉంది. ఈ మనిషి ఏ ఊరివాడు? స్థానికత గొడవలు మన దగ్గర చదువులకూ ఉద్యోగాలకూ వస్తాయి. అక్కడ అన్నం ముద్దకే వచ్చేవి. మసాచుసెట్స్ 1794 చట్టంలో స్థానికత సంపాదించే దారులు చాలా ఉన్నా, మామూలు మనిషికి దొరికేది ఒకటే: పదేళ్లు వరసగా ఒకే టౌన్‌లో ఉండి, అందులో ఐదేళ్లు పన్ను కట్టాలి. కూలీనాలీ చేసుకునేవాడు పదేళ్లు ఒక్కచోట ఎక్కడుంటాడు? భార్యకు భర్త స్థానికతే, పిల్లలకు తండ్రిదే. అందుకే తాను ఎన్నడూ చూడని ఊరికి, ఎప్పుడో అక్కడ పుట్టిన భర్త పేరు మీద, ఒక వితంతువును పంపేయవచ్చు.

న్యూయార్క్‌లో ఇద్దరు జస్టిస్‌లు (స్థానిక న్యాయాధికారులు) సంతకం పెడితే కానిస్టేబుల్ ఆ మనిషిని బండెక్కించి వాళ్ల 'సొంత' టౌన్‌కు తరలించేవాడు. ఆ టౌన్ 'మావాడు కాదు' అని కోర్టుకెక్కేది. లాయర్ల ఫీజులు, సాక్షుల ప్రయాణాలు, కానిస్టేబుల్ కూలి. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన ఇలాంటి కేసుల పేర్లలో ఇరువైపులా ఊళ్లే ఉంటాయి: ఫలానా టౌన్ వాసులు వర్సెస్ ఫలానా టౌన్ వాసులు. పేదవాడి పేరు అందులో ఉండదు. ఆ ఖర్చుతో అతను హాయిగా తినేవాడు. యేట్స్ కూడా ఈ తరలింపులను ఆపేయాలనే చెప్పాడు, ఏడాది నివాసం ఉంటే చాలన్నాడు. ఆయన మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కౌంటీ ఖజానా కావాలనడానికి నా కారణం కూడా ఇదే. టౌన్ చిన్నది, సంచి చిన్నది. కాలువ పక్కన ఉన్న ఒక్క టౌన్‌లో ఇరవై మంది కూలీలు జ్వరంతో పడిపోతే ఆ ఏడాది పన్ను మోత మోగుతుంది, ఓవర్సీర్ వాళ్లను ఎలా తరిమేయాలా అనే చూస్తాడు. అదే ఖర్చు కౌంటీలోని టౌన్లన్నీ పంచుకుంటే ఒకరి మీద బరువు పడదు, తరమాల్సిన అవసరమూ తగ్గుతుంది. న్యూయార్క్ చట్టం 'టౌన్ పేదలు, కౌంటీ పేదలు' అన్న తేడాను రద్దు చేసుకునే అధికారాన్ని సూపర్‌వైజర్ల బోర్డులకు ఇచ్చింది. ఆ తేడాను ఉంచుకున్న చోట్ల పూర్ హౌస్‌కు పంపిన ప్రతి మనిషికీ కౌంటీ టౌన్ దగ్గరే డబ్బు వసూలు చేసేది. అంటే పాత గొడవ పాతగానే మిగిలింది. నేనైతే మొదటి ఓటు ఈ తేడా రద్దుకే వేస్తాను, పూర్ హౌస్ సంగతి ఆ తర్వాతే.

అలాగని పని మొత్తం కౌంటీ ఆఫీసుకు ఎత్తేస్తే ఇంకో నష్టం ఉంది. ఆ వితంతువు నిజంగా పస్తులుందో లేదో ముప్పై మైళ్ల దూరంలో ఉన్న కౌంటీ పేదల సూపరింటెండెంట్‌కు తెలియదు, టౌన్ ఓవర్సీర్‌కు తెలుస్తుంది. అందుకే డబ్బు కౌంటీది, చూపు టౌన్‌ది అంటున్నాను. టౌన్‌షిప్ సాయం ఎక్కడో పాతకాలపు సంగతి కూడా కాదు. ఇండియానాలో పేదల సాయం ఇవాళ్టికీ టౌన్‌షిప్ ట్రస్టీ చేతి మీదుగానే నడుస్తోంది. ఇల్లినాయిస్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు తమ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూస్తే చాలాచోట్ల టౌన్‌షిప్ పేరుతో ఒక వరుస కనిపిస్తుంది.

ఏ పద్ధతిలోనూ చోటు లేనివాళ్లు

ఎంత మంచి పద్ధతిని ఎంచుకున్నా, దాని గడప బయట ఎవరున్నారో చూడకుండా బోర్డు లేవకూడదు. దక్షిణాదిలో బానిసత్వంలో ఉన్న లక్షల మందికి కౌంటీ సాయం లేదు. వాళ్ల తిండీ ముసలితనమూ యజమాని దయకే వదిలేశారు. వర్జీనియా 1782 చట్టం బానిసలకు విముక్తి ఇవ్వడాన్ని అనుమతిస్తూనే, 45 ఏళ్లు దాటినవాళ్లను, ఆరోగ్యం లేనివాళ్లను విడిచిపెడితే వాళ్ల పోషణ మాజీ యజమానిదేనని రాసింది. జీవితమంతా పని చేయించుకుని చివర్లో 'స్వేచ్ఛ' పేరుతో రోడ్డున పడేసేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఉత్తరాన ఒహాయోలో, 1807 చట్టం ప్రకారం వచ్చి స్థిరపడే నల్లజాతివాళ్లు 20 రోజుల్లో ఇద్దరు జామీనుదారులతో 500 డాలర్ల పూచీ చూపాలి. రేపు ఊరికి భారం కాకుండా ముందే అడ్డుకోవడమన్నమాట. మసాచుసెట్స్‌లో 1821 రాజ్యాంగ సవరణ తర్వాత సాయం తీసుకునే పేదవాడికి ఓటు హక్కు లేదు. తన గురించి నిర్ణయం తీసుకునే టౌన్ మీటింగులో అతను చెయ్యి ఎత్తలేడు.

మీ కౌంటీ ఎలాంటిది?

అడవి కొట్టి కొత్తగా స్థిరపడిన కౌంటీ అయితే పూర్ హౌస్ జోలికి పోవద్దు. మనుషులు తక్కువ, దారులు అధ్వానం, కట్టడానికి చేసే అప్పుతో పదేళ్లపాటు పేదలకు ఇళ్ల దగ్గరే సాయం చేయవచ్చు. ఒకరిద్దరు దిక్కులేని ముసలివాళ్లుంటే నమ్మకమైన కుటుంబానికి తగిన ధర ఇచ్చి అప్పగించండి, పాట పెట్టకండి.

పాతబడిన వ్యవసాయ కౌంటీ అయితే నేను పైన చెప్పిన మార్గమే: కౌంటీ పన్ను, టౌన్ ఓవర్సీర్లు, ఒక చిన్న ఇల్లు. ఓడరేవు పట్నం, కాలువ మార్గం ఉన్న కౌంటీకి నాన్‌లోకల్ జబ్బుమనుషులు ఎక్కువ. అక్కడ ముందు ఆసుపత్రి వార్డు కావాలి, ఆ ఖర్చులో రాష్ట్రం వాటా అడగాలి. ఏ టౌన్‌కూ చెందనివాళ్ల ఖర్చును మసాచుసెట్స్ తన ఖజానా నుంచి టౌన్లకు తిరిగి ఇచ్చేది, దాన్నే చూపించి అడగండి.

బోర్డులో మిగతావాళ్లంతా పూర్ హౌస్‌కే చేతులెత్తితే, ఓడిపోయామని ఇంటికి వెళ్లిపోకండి. తీర్మానంలో నాలుగు షరతులు రాయించండి. తల్లి ఉన్న పిల్లలను లోపలికి తీసుకోకూడదు. తాత్కాలిక సాయం కోసం టౌన్ ఓవర్సీర్ ఖాతాను మూసేయకూడదు. వైద్యాన్ని, సరుకులను తక్కువ కోట్ చేసినవాడికి గుత్తకు ఇవ్వకూడదు. సూపర్‌వైజర్లలో ఇద్దరు ముందుగా చెప్పకుండా జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి వెళ్లి పొయ్యిలు, పక్కలు, వంటపాత్రలు చూసి, చూసింది చూసినట్టు బోర్డు పుస్తకంలో రాయాలి.